ముళ్ళకంపలు తప్ప అక్కడేముంది?

పరాయివాళ్ళు ఓడలేసుకొచ్చి ఎవరి నేలనో ఆక్రమించిన కథ ఎక్కడ కనబడినా మనం రెండో ఆలోచన లేకుండా ఆ నేల మనుషుల పక్కన వెళ్ళి కూర్చుంటాం. దొరతనం కింద నలిగిన దేశం కదా, ఆ చోటు మనదేనని మన నమ్మకం. 1974లో అల్లూరి సీతారామరాజు సినిమా వచ్చినప్పుడు నూజివీడులో ఈలలు వేసిన కుర్రకారులో నేనూ ఒకణ్ణి. ఆ రాజు చింతపల్లి పోలీసు ఠాణా మీద పడి తుపాకులు ఎత్తుకుపోయింది ఎవరి కోసమో సినిమాలో బాగానే చూపించారు. ఆ కొండజనం పొలాలు ఇవాళ ఎవరు దున్నుతున్నారని మాత్రం మనలో అడిగేవాళ్ళు తక్కువ. ఎందుకు తక్కువో చెప్పడానికి నేను ఒక పాత ఇంగ్లీషు టీవీ కథ దగ్గర్నుంచి మొదలుపెట్టాలి. మామిడి రైతుకి టీవీ కథలేమిటని విసుక్కోకండి.

మా అల్లుడికి కార్డిఫ్‌లో ఉద్యోగం. బీబీసీ వాళ్ళ ‘డాక్టర్ హూ’ అంటే అతనికి ప్రాణం. 1963లో మొదలైన ధారావాహిక అది. కాలంలో ముందుకీ వెనక్కీ తిరిగే ఒక పెద్దమనిషి సాహసాలు. సంక్రాంతికి వచ్చినప్పుడు, “మావయ్యగారూ, ఇది రైతుల కథ, మీకు నచ్చుతుంది” అంటూ లాప్‌టాప్‌లో 1971 నాటి ‘కాలనీ ఇన్ స్పేస్’ పెట్టాడు. ఆరు భాగాలు. రాసినవాడు మాల్కమ్ హల్క్. ఒకప్పుడు బ్రిటిష్ కమ్యూనిస్టు పార్టీలో సభ్యుడట. ఆ వాసన కథలో ఉంది.

కాలం 2472. భూమి ఇరుకైపోయి, కొన్ని కుటుంబాలు ఉక్సేరియస్ అనే గ్రహం మీద సేద్యానికి వెళ్తాయి. ఆ గ్రహాన్ని కార్న్‌వాల్‌లో చైనా క్లే తవ్వే గోతుల్లో చిత్రీకరించారు. మా మండలంలో గ్రావెల్ తవ్వి వదిలేసిన గుట్టలు చూసినవాళ్ళకి అది పెద్ద కొత్తగా ఏమీ ఉండదు. వేసిన పంట వేసినట్టే వాడిపోతుంది. వెనక్కి పోదామంటే దారి లేదు. ఇంతలో గనుల కంపెనీ ఒకటి దిగుతుంది. నేల కింద డ్యురాలినియం అనే ఖనిజం ఉంది, రైతుల్ని లేపెయ్యాలి. మరమనిషికి బల్లి గోళ్ళు తొడిగి రాత్రిపూట ఇళ్ళ మీదికి తోలి మనుషుల్ని చంపిస్తారు. ఇక్కడ రాక్షస బల్లులున్నాయని రైతులు హడలిపోయి వాళ్ళంతట వాళ్ళే వెళ్ళిపోతారని లెక్క. తగువు తీర్చడానికి పైనుంచి న్యాయాధికారి వస్తాడు. ఆయన దొంగ న్యాయాధికారి.

ఇక్కడిదాకా నేను రైతుల పక్షమే. నున్న మార్కెట్టుకి కాయ తోలే ఎవరైనా అంతే. పూత నిలబడటానికి ఒకటికి నాలుగుసార్లు మందు కొట్టి, తామరపురుగుని తిట్టుకుని, ఈదురుగాలికి రాలగా మిగిలిన కాయని చిక్కంతో కోయించి తీసుకెళ్తే అక్కడ కమీషను, దాని మీద టన్నుకి ఇంతని సూటు కోత. కాటా దగ్గర నిలబడి మేం తిట్టే తిట్లే ఆ రైతులు కంపెనీ కెప్టెన్ని తిడుతుంటే హాయిగా అనిపించింది.

అయితే ఆ గ్రహం మీద ఇంకొకళ్ళున్నారు. అక్కడే పుట్టినవాళ్ళు. రైతులు వాళ్ళని ఆటవికులంటారు. చేతిలో బల్లెం, నోట్లో మాట ఉండదు. ఇంత తిండి పడేస్తే చెప్పిన పని చేసి పెడతారు. రైతుల కరెంటు యంత్రం దగ్గర కూలికి ఉన్నదీ వాళ్ళలో ఒకడే. కంపెనీ పంపిన గూఢచారి రైతుల ఇంజనీరుని చంపి, పక్కనున్న ఆ కూలివాణ్ణీ చంపి, ఇంజనీరుని చంపింది వాడేనంటాడు. వాడు ఆటవికుడు కదా, ఆ మాట ఇట్టే చెల్లుబాటైపోతుంది. నేల రైతుదా కంపెనీదా అని ఆరు భాగాలూ కొట్టుకుంటారు. మీ సంగతేమిటని ఆ బల్లెం పట్టుకున్నవాణ్ణి పంచాయితీలో కూర్చోబెట్టినవాళ్ళు లేరు. హల్క్ కూడా కూర్చోబెట్టలేదు.

ఆ కూలివాణ్ణి నేను ఎరుగుదును. జీలుగుమిల్లి వైపు చూశాను.

మా బాబాయి 1970ల చివర్లో ఇక్కడ అన్నదమ్ముల వాటాకి వచ్చిన మెట్ట చెక్క అమ్ముకుని అటు వెళ్ళాడు. కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి అప్పట్లో చాలామంది ఆ దారి పట్టారు. వర్జీనియా పొగాకుకి అనువైన నేల, చవక. తర్వాత్తర్వాత మా తోటలో కట్టిన బంగినపల్లి అంట్లు లారీలో వేసుకెళ్ళి అక్కడ నాటాడు, గట్టు వెంబడి జీడిమామిడి వేశాడు. బాబాయి పోయాక ఆయన కొడుకు చూసుకుంటున్నాడు. వరసకి నాకు తమ్ముడు.

కాగితాల్లో ఆ భూమి ఒక కోయ కుటుంబానిది. పాసుపుస్తకం మీద ముసలాయన ఫొటో ఉంది. పుస్తకం మాత్రం మా తమ్ముడింట్లో బీరువాలో, మరదలి పట్టుచీరల కింద, ఎరువుల కొట్టు వాళ్ళిచ్చిన ప్లాస్టిక్ కవర్లో ఉంటుంది. రైతుల ఖాతాల్లో ప్రభుత్వం వేసే డబ్బు పడ్డప్పుడు తమ్ముడు ముసలాయన్ని మోటారుసైకిలెక్కించుకుని బ్యాంకుకి తీసుకెళ్తాడు. వేలిముద్ర వేయించి, టీ తాగించి, ఒకటి రెండు నోట్లు ఆయన చేతిలో పెట్టి మిగతావి జేబులో వేసుకుంటాడు. ముసలాయన వీడికంటే పాతికేళ్ళు పెద్ద. ఆయన వీణ్ణి “బాబుగారూ” అంటాడు. వీడు ఆయన్ని పేరు పెట్టి “ఒరేయ్” అంటాడు. ఇదంతా పేపర్లో రాస్తే తమ్ముడు నాతో మాట్లాడటం మానేస్తాడని మా ఆవిడ హెచ్చరించింది. మానెయ్యనీ.

రథసప్తమికి ఆగిరిపల్లి శోభనాచలస్వామి తిరునాళ్ళకని తమ్ముడు వాళ్ళంతా మా ఇంటికి వచ్చారు. భోజనాలయ్యాక కదిపాను. “మనం వెళ్ళకముందు ముళ్ళకంపలు తప్ప అక్కడేముందన్నయ్యా? రాళ్ళేరింది ఎవరు, బోరేసింది ఎవరు? వాళ్ళ చేతికిస్తే ఏడాది తిరిగేసరికి మళ్ళీ కంపే” అన్నాడు. చెప్పింది అబద్ధమేం కాదు. రెండు బోర్లు ఎండిపోతే మూడోదానికి పిన్ని గాజులు కుదువపెట్టిన సంగతి నాకు తెలుసు. పొగాకు బ్యారన్ దగ్గర నిద్రలేని రాత్రులు బాబాయి ఒళ్ళు గుల్ల చేశాయి. ఆయన దొంగ కాడు, కష్టజీవి. అసలు చిక్కంతా అక్కడే ఉంది. దొంగ అయితే దొంగిలించానన్న స్పృహ ఎక్కడో ఉంటుంది. చెమటోడ్చినవాడికి తన చెమటే దస్తావేజుగా కనిపిస్తుంది. దానికింద ఇంకొకడి హక్కు ఉందంటే, ఎవరో తనని దోచుకోవడానికి వచ్చారనుకుంటాడు.

పైగా ఆ ముళ్ళకంపలు ఊరికే ఉన్నవి కావు. పోడు చేసేవాళ్ళు ఒక చెక్కని రెండు మూడేళ్ళు పండించి, సత్తువ తగ్గాక వదిలేసి ఇంకో చెక్కకి పోతారు. వదిలిన చోట కంప లేస్తుంది, ఆకు రాలుతుంది, కొన్నేళ్ళకి నేల కోలుకుంటుంది, మళ్ళీ వస్తారు. అది వాళ్ళ బీడు. మనం వెళ్ళింది సరిగ్గా ఆ బీడు ఏళ్ళలో.

ఈ సంగతి మనకంటే ముందు తెల్లవాడికి అర్థమైంది. 1879లో రంప తిరుగుబాటు లేచినప్పుడు కారణాలు వెతికితే తెల్లదొరల పేర్లు మాత్రమే రాలేదు. ఇంటి అవసరానికి తీసుకునే కల్లు మీద పన్ను, మన్సబుదారు వసూళ్ళు ఉన్నాయి. వాటి పక్కనే పల్లపు ప్రాంతపు వర్తకులున్నారు. అప్పు పత్రాలు పట్టుకుని కోర్టుకెక్కి, భాష తెలియని కొండవాడి మీద డిక్రీ తెచ్చుకుని, పశువుల్నీ పంటనీ జప్తు చేయించిన మనవాళ్ళు. 1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ భూబదలాయింపు చట్టం చేసింది. ప్రభుత్వ ఏజెంటు అనుమతి లేకుండా కొండజాతి మనిషి భూమి ఇతరులకి పోకూడదన్నది దాని సారం. కొండవాడి అడవిని లాక్కున్న దొరే, కొండవాడి పొలాన్ని కాపాడటానికి చట్టం చేశాడు. ఎవరి నుంచి కాపాడటానికో వేరే చెప్పక్కర్లేదు. పాపికొండల రెడ్ల మధ్య తిరిగి 1945లో పుస్తకం అచ్చువేసిన ఆస్ట్రియా దేశపు పరిశోధకుడు హైమన్‌డార్ఫ్ కూడా వెదురూ కలపా కొట్టించే వర్తకుల చేతిలో ఆ మనుషులు ఎలా ఇరుక్కున్నారో రాశాడు.

స్వాతంత్య్రం తర్వాత 1959లో ఒక నిబంధన, శ్రీకాకుళం కొండలు మండుతున్న రోజుల్లో దానికి సవరణగా మరొకటి వచ్చాయి. అదే జనం నోట నానే 1/70. 1970 ఫిబ్రవరి 3 నుంచి అమల్లోకి వచ్చింది. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో భూమి ఉంటే అది గిరిజనుడి దగ్గర్నుంచి వచ్చిందనే ముందుగా అనుకోవాలంటుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది గిరిజనేతరుడే. అమ్మకం, కౌలు, తాకట్టు, దానం అన్నీ దాని కిందికే వస్తాయి. గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి కూడా అమ్మకూడదు. 1988లో సుప్రీంకోర్టు ఇది రాజ్యాంగబద్ధమేనంది. 1997లో సమత కేసులో ప్రభుత్వం కూడా ఏజెన్సీ భూమిని ప్రైవేటు గనుల కంపెనీకి లీజుకివ్వకూడదని తీర్పిచ్చింది. కాగితం మీద ఇంతకంటే గట్టి చట్టం దేశంలో అరుదు. ఆచరణలో తెల్లకాగితాల రాతలూ, పాలేరు పేరిట పట్టాలూ, భూమి కోసమే గిరిజన ఆడపిల్లని రెండో పెళ్ళి చేసుకోవడాలూ, మా తమ్ముడి బీరువా లాంటి బీరువాలూ. సమైక్య రాష్ట్రంలోనే ఏజెన్సీ భూముల్లో సగానికి దగ్గరగా గిరిజనేతరుల చేతుల్లో ఉన్నాయని అధికారిక లెక్కలు చెప్పాయి. కోట రామచంద్రపురం ఐటీడీఏ చుట్టూ ఈ కేసులతో తిరిగే ముసలివాళ్ళకి లోటు లేదు. 1990ల మధ్యలో జీలుగుమిల్లి, బుట్టాయగూడెం మండలాల్లో కోయలు అలాంటి పొలాల్లో దిగి సాగుకి పూనుకుంటే, మన పత్రికలు చాలావరకు రైతుల ఆందోళన అనే రాశాయి. రైతులంటే ఎవరో పాఠకుడికి అనుమానం కూడా రాలేదు.

ఒక చిన్న కాకతాళీయం చెప్పి ముందుకి పోతాను. 1/70 అమల్లోకి రావడానికి మూడు రోజుల ముందు, 1970 జనవరి 31న, హల్క్‌దే ఇంకో కథ బీబీసీలో మొదలైంది. ‘ద సైల్యూరియన్స్’. మనిషి కంటే ముందు ఈ భూమిని ఏలిన ఒక జాతి నేల లోపల నిద్రలోంచి లేచి, మా నేల మాకివ్వండంటుంది. అందులో మూలవాసికి నోరుంది, వాదన ఉంది, వాళ్ళలో వాళ్ళకి భేదాభిప్రాయాలున్నాయి. డాక్టరు రాజీ కుదర్చాలని చూస్తాడు. చివరికి సైన్యాధికారి డాక్టరుకి చెప్పకుండా ఆ గుహల్ని పేల్చేయిస్తాడు. నాకు కాలనీ కథకంటే అదే నిజాయితీగల కథ అనిపించింది. అందులో నేల దక్కినవాడికి మంచిపేరు దక్కలేదు.

కాలనీ కథ ముగింపు దగ్గరే నా గొడవ. పంట ఎందుకు పండలేదో చివర్లో తెలుస్తుంది. ఆ ఆటవికుల పూర్వీకులు ఒకప్పుడు మహా నాగరికులు. నక్షత్రాల్ని పేల్చగల ఆయుధం కట్టుకున్నారు. దాన్నించి కారే విషమే నేలని చంపింది, వాళ్ళ జాతినీ దిగజార్చింది. వాళ్ళ పెద్ద, ముడతలు పడిన ముఖంతో ఉన్న చిన్న జీవి, ఇక ఇది ఉండకూడదని తన నగరంతో సహా దాన్ని పేల్చేయడానికి తానే ఒప్పుకుంటాడు. ఆ నేల ఇక చక్కగా పండుతుంది. రైతులకి కావలసింది ఇంతకంటే ఏముంటుంది? పాతవాడు మనస్ఫూర్తిగా తప్పుకున్నాడు, కొత్తవాడి చేతికి మట్టి అంటలేదు.

మనకీ అదే ముగింపు కావాలి. పోలవరం ప్రాజెక్టు మీద ఏ పార్టీ నాయకుడి ఉపన్యాసమైనా వినండి. నిర్వాసితుల త్యాగానికి చేతులెత్తి మొక్కే వాక్యం ఒకటి ఉంటుంది. 370కి పైగా ఆవాసాలు, లక్షకి పైగా కుటుంబాలు, వాళ్ళలో కోయలు, కొండరెడ్లు ఎందరో. వీళ్ళలో త్యాగం చేస్తానని చెయ్యెత్తింది ఎవరు? కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు 2014 దాకా ఖమ్మం జిల్లా. ముంపు సౌలభ్యం కోసం ఆర్డినెన్సుతో రాష్ట్రం మార్చారు. 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లా ఏర్పడినప్పుడు నూజివీడు డివిజనూ వాళ్ళూ ఒకే జిల్లా అయ్యాం. మేమేమో విజయవాడ పక్కనుండి ఏలూరు పోవడమేమిటని సణుక్కున్నాం. నాలుగు నెలలు తిరగకుండా జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. వేలేరుపాడు వైపు జనం కొండలెక్కి టార్పాలిన్ల కింద కూర్చున్నారు. ఆ వారం ఆగిరిపల్లి సెంటర్లో టీకొట్టు దగ్గర నేను విన్నది కలెక్టరు కాయ ధర గురించి. ‘కలెక్టరు’ అంటే మా వైపు తోతాపురి మామిడి. ఆ పేరున్న అధికారి ఆ వారం ఎక్కడున్నాడో ఎవరూ అడగలేదు.

ఇది దూరపు చుట్టరికం కూడా కాదు. పోలవరం కుడి కాలువ మా పక్క బాపులపాడు, గన్నవరం మండలాల మీదుగా పోతుంది. పట్టిసీమ నీళ్ళు వదిలినప్పుడు గట్టున వరసగా ఇంజన్లు పెట్టి తోడుకునే రైతుల్ని చూస్తే నాకు ముచ్చటేస్తుంది, మా ఊరికి అందలేదే అని కుళ్ళూ వేస్తుంది. మా నూజివీడు మెట్టకి చింతలపూడి ఎత్తిపోతల నీళ్ళిస్తామని పదిహేనేళ్ళకి పైగా వింటున్నాం. బోరు దించీ దించీ విసిగిపోయిన మాకు ఆ నీళ్ళు కావాలి. దాచుకోవడం దేనికి, నాకూ కావాలి. ఆ పథకంలో జల్లేరు దగ్గర తలపెట్టిన జలాశయానికి చోటెక్కడ? బుట్టాయగూడెం వైపు, గిరిజన గూడేల దగ్గర. మళ్ళీ వాళ్ళే.

నీళ్ళొద్దనమని నేననడం లేదు. అడిగే పద్ధతి ఒకటుందంటున్నాను. 1996 నాటి పెసా చట్టం ప్రకారం ఏజెన్సీలో భూమి సేకరించేముందు గ్రామసభని సంప్రదించాలి. 2013 భూసేకరణ చట్టం ఇంకా గట్టిగా, షెడ్యూల్డు ప్రాంతాల్లో గత్యంతరం లేకపోతేనే సేకరించాలంటుంది, అదీ గ్రామసభ ముందస్తు సమ్మతితో. ఆ సభ పోలీసు జీపుల మధ్య, సంతకాల పుస్తకం ముందే నింపుకొచ్చి జరిపేది కాకూడదు. కోయ భాషలో చెప్పి జరపాలి. వాళ్ళు వద్దంటే జలాశయం చోటు మారాలి, లేదా పరిమాణం తగ్గాలి. మా వాటా కూడా తగ్గాలి. పోలవరంలో మొదటి దశ 41.15 మీటర్లకి నీళ్ళు నిలిపేలోపు ఆ మట్టం కింద ఉన్న ప్రతి కుటుంబం కొత్త ఇంట్లో, దున్నుకునే భూమి మీద ఉండాలి. నిర్వాసితులకి భూమికి భూమి ఇచ్చే పేరుతో ఇంకో కోయవాడి సాగులో ఉన్న చెక్కని చూపించడం మానాలి. 1/70 కేసుల్లో ఉత్తర్వు గిరిజనుడికి అనుకూలంగా వచ్చాక పొలం అతని స్వాధీనమైందో లేదో ఏటా జిల్లా గెజిట్‌లో అచ్చువేయాలి. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక గుమాస్తా చాలు.

అడగవలసిన మొదటివాళ్ళం మేమేనని నా అభిప్రాయం. వాళ్ళు అడిగితే అభివృద్ధికి అడ్డమంటారు. నీళ్ళు అందుకోబోయేవాడు అడిగితే ఆ మాట అనడం కొంచెం కష్టం. మా రైతు సంఘం వాళ్ళం సోమవారం అర్జీల రోజున ఏలూరు కలెక్టరేటుకి వెళ్తుంటాం. కమీషను తగ్గించాలి, సూటు ఎత్తేయాలి, చింతలపూడి పనులు తొందర చేయాలి. అదే హాల్లో, అదే వరసలో, తెల్లవారకముందే బయల్దేరొచ్చిన వేలేరుపాడు ఆడవాళ్ళు ప్యాకేజీ కాగితాలు పట్టుకుని నిలబడి ఉంటారు. వాళ్ళ పేర్లు మాకు తెలియవు, మావి వాళ్ళకి తెలియవు.

పిందె కట్టే రోజుల్లో జరిగిన సమావేశంలో, ఈసారి అర్జీలో ఒక వాక్యం చేర్చమన్నాను: జల్లేరు గ్రామసభలు ఒప్పుకున్నాకే మా నీళ్ళ పని ముందుకి పోవాలని. గదిలో కాసేపు పంకా చప్పుడే. తర్వాత కోశాధికారి, నా ఈడువాడే, “అది రాస్తే మనకి జన్మలో నీళ్ళు రావయ్యా” అన్నాడు. ఇంకొకాయన, “మీ తమ్ముడి తోట సంగతి ముందు తేల్చుకుని రా” అన్నాడు. రెండోమాట న్యాయంగానే ఉంది. ఓటుకి పెడితే నాతో కలిపి ముగ్గురం. కోతలైపోయాక మళ్ళీ సమావేశం ఉంది. అదే వాక్యం, ఒక్క అక్షరం మార్చకుండా, మళ్ళీ పెడతాను.